మా బుడ్డోడి పాళీ

పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో మా ఆయన నోరు విప్పకుండా చేతులతో మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండేది. కూర చాలా అని అడిగితే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గరికి తీసుకుపోయేవాడు. ఇంత పొగరు పనికిరాదని మనసులో తిట్టుకునేదాన్ని, బయటికి కూడా తిట్టేదాన్ని. ఒకసారి మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని కార్ఖానాకు పోయాక గానీ సంగతి అర్థం కాలేదు. మరమగ్గాలను మా కరీంనగర్ జిల్లాలోనూ సూరత్‌లోనూ సాంచెలంటారు. ఆ షెడ్డులో సాంచెలన్నీ ఒక్కసారే ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని అక్కడ అందరూ సైగలే చేసుకుంటారు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచెయ్యి కిందికి అదిమితే సాంచె ఆపమని. చిటికెన వేలు పైకెత్తితే ఒంటికి పోయొస్తాను, నా సాంచెలు కాస్త చూడమని.

పగలంతా అలా గడిపిన మనిషి ఇంటికొచ్చాక మాత్రం నోరెందుకు విప్పుతాడు. పైగా ఆ చప్పుడుకు చెవులు కూడా కొంత మందగించాయి. నేను అలవాటు పడిపోయాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు, హిందీ, గుజరాతీలతో పాటు ఈ సాంచెల భాష కూడా దానికి వచ్చేసింది. కానీ మా ఇంట్లో ఆ భాష అందరికంటే బాగా నేర్చుకున్నది బుడ్డోడు.

బుడ్డోడు కుక్క. షిట్జూ జాతి. అమ్మాయి వాడికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, వాడూ పలకలేదు. వరాఛాలో అమ్మాయి స్నేహితురాలి వాళ్ళ నాన్న వజ్రాలు సానబట్టేవాడు. పని మందగించి, వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి సౌరాష్ట్రలోని సొంతూరికి పోతూ ఈ కుక్కపిల్లను మా అమ్మాయి ఒళ్ళో పెట్టారు. అమ్మాయి దాన్ని సంచిలో వేసుకుని మెట్లెక్కి వచ్చింది. మా ఆయన సంచిలోకి తొంగిచూశాడు.

"ఏందే గిది? చిక్కువడ్డ నూలుండ లెక్కున్నది," అన్నాడు. ఆయన నోటితో మాట్లాడాడంటేనే విషయం పెద్దదన్నమాట. "మనకే జాగ లేదు. వాపస్ ఇచ్చి రా."

"వాపస్ ఇయ్యనీకి వాళ్ళు ఏడున్నరు బాపూ? బస్సెక్కిండ్రు," అంది అమ్మాయి.

వారం తిరిగేసరికి ఆ నూలుండ ఆయన పాదాల మీద పడుకుని నిద్రపోతోంది, కదిలితే లేస్తుందని ఆయన కదలకుండా కూర్చుంటున్నాడు. నన్ను పెళ్ళి చేసుకున్న కొత్తలో కూడా అంత జాగ్రత్తగా కూర్చున్న మనిషి కాదు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన అరచెయ్యి కిందికి అదిమాడు, ఆపమని. నేను ఆపలేదు గానీ బుడ్డోడు మాత్రం టక్కున కింద కూర్చున్నాడు. అప్పుడే తెలిసింది మాకు, వాడు ఆ చేతిని చదవడం మొదలుపెట్టాడని.

ఇక మా ఆయనకు పట్టపగ్గాలు లేవు. సాంచె ఆపే సైగకు కూర్చోవడం, బొటనవేలి సైగకు నీళ్ళ గిన్నె దగ్గరికి పోవడం, అన్నీ నేర్పేశాడు. మేముండే సొసైటీలో గుజరాతీ పిల్లలు "బేస్, బేస్" అని ఎంత అరిచినా వాడు కూర్చునేవాడు కాదు. మా ఆయన చెయ్యి కదిలిస్తే చాలు. అన్నిటికంటే గొప్ప చదువు చిటికెన వేలు. పొద్దున కార్ఖానాకు పోయేముందు కిందికి తీసుకుపోయి, గోడ వారన నిలబడి చిటికెన వేలు ఎత్తేవాడు. బుడ్డోడు కాలెత్తేవాడు. మళ్ళీ చీకటి పడ్డాక ఆయన పని నుంచి వచ్చి చిటికెన వేలు ఎత్తేదాకా వాడు ఇంట్లో చుక్క కూడా పొయ్యలేదు.

నాకూ సంబరంగానే ఉండేది. నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తాను. వ్యాపారి పంపిన చీరలు నేలంతా పరుచుకుని ఉంటాయి. అలాంటి ఇంట్లో కుక్క ఉండి కూడా ఒక్క చీర పాడవలేదంటే పక్కింటివాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. మా ఆయన గర్వానికైతే అంతు లేదు. కార్ఖానాలో షిఫ్టును పాళీ అంటారు, మా ఆయనది పగటి పాళీ. "మావోడు సుత పాళీ చేస్తడు," అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. "నేను బోయినకాన్నుంచి నేనొచ్చేదాక జాగ మీదికెల్లి లేవడు."

ఆ గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సాంచెల మీద పనిచేసేవాళ్ళలో ఆపుకోవడం పెద్ద గొప్ప. మనిషి పక్కకు పోతే పోగు తెగుతుంది, చూసేలోపు బట్టలో గీత పడుతుంది. మాటిమాటికీ చిటికెన వేలు చూపించేవాళ్ళను చూసి మిగతావాళ్ళు నవ్వుతారు. మా ఆయన ఆ వేలు కుక్కకు చూపించడమే గానీ కార్ఖానాలో ఎన్నడూ ఎత్తలేదు. అందుకోసం నీళ్ళు కూడా సరిగ్గా తాగడు. నేను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. ఎండాకాలం వచ్చిందంటే ఒంటికి పోయినప్పుడు మంటని రాత్రుళ్ళు ముక్కుతూ తిరిగేవాడు. నేను బార్లీ నీళ్ళు కాచి పెట్టేదాన్ని. డాక్టర్ దగ్గరికి పోదామంటే "ఏం గాదే" అనేవాడు.

ఆ ఎండాకాలమే బుడ్డోడు అదే పనిగా నాక్కోవడం మొదలుపెట్టాడు. గోడ దగ్గర కాలెత్తి చాలాసేపు నిలబడేవాడు, రెండు మూడు చుక్కలు పడేవి, మళ్ళీ నాలుగడుగులు వేసి కాలెత్తేవాడు. వేడి చేసిందనుకున్నాం. మా ఆయనకు కాచిన బార్లీ నీళ్ళే వాడికీ పోశాను. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. పక్కింటావిడ మజ్జిగ పొయ్యమంటే పోశాను, అది మాత్రం మూతి తెల్లగా చేసుకుని తాగాడు. అదీ ఏమీ చెయ్యలేదు. ఒకనాడు వాడు పడుకున్న పాత చీర మీద లేత ఎరుపు మరక కనపడింది.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చీ రాగానే కిందికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. ఆయన చిటికెన వేలు ఎత్తాడు. బుడ్డోడు కాలెత్తాడు. ఏమీ రాలేదు. ఒళ్ళంతా వణుకుతూ అలాగే నిలబడి, చివరికి కాలు దించి ఆయన మొహంలోకి చూశాడు. చెప్పిన పని చెయ్యలేకపోయినందుకు తప్పు ఒప్పుకుంటున్నట్టు చూశాడు వాడు. ఆయన మళ్ళీ వేలు ఎత్తాడు. వాడు మళ్ళీ కాలెత్తాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఇగ చాలు, చెయ్యి దించు," అన్నాను. "దవాఖాన్లకు వోదాం పా."

ఆటోలో తాపీ నది మీది వంతెన దాటి అడాజన్‌లో కుక్కల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. అమ్మాయే గుజరాతీలో అంతా చెప్పింది. డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసి, ఇంక మాటలు పెట్టుకోకుండా లోపలికి తీసుకుపోయింది. సన్నటి గొట్టం వేసి ఆగిపోయిన మూత్రం తీసింది. తలుపు ఇవతల మాకు వాడి మూలుగు వినపడుతూనే ఉంది. మా ఆయనకు సరిగ్గా వినపడదు కదా, మాటిమాటికీ నా వైపు తిరిగి ఏమైందని చేత్తో అడిగేవాడు. ఏం లేదని నేనూ చేత్తోనే అబద్ధం చెప్పాను.

తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, మూత్రం చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమంది. ముందు నేను చూశాను. నేను చీరలకు అంటించే రాళ్ళలాగే పలకలు పలకలుగా, తళతళమంటూ కుప్పలుగా ఉన్నాయి. ఇంత చిన్న ప్రాణి లోపల ఇన్ని రాళ్ళ ముక్కలా అని మళ్ళీ వంగి చూశాను. వీటిని క్రిస్టల్స్ అంటారనీ, లోపల చీము కూడా పట్టిందనీ, మగకుక్కకు దారి సన్నగా ఉంటుంది కాబట్టి ఇవి అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుందనీ ఆవిడ హిందీలో నిదానంగా చెప్పింది. అప్పుడు అడిగింది, రోజుకు ఎన్నిసార్లు పోస్తాడని.

మా ఆయనకు ఆ ప్రశ్న బాగా వినపడింది. నిటారుగా కూర్చున్నాడు. పొద్దున ఒకసారి, తాను పనినుంచి వచ్చాక ఒకసారి, మధ్యలో ఎంతసేపైనా ఆపుకుంటాడు, ఇంట్లో ఒక్కనాడూ పాడుచెయ్యలేదు మేడమ్ అని హిందీలో చెప్పాడు. అప్పటికీ ఆ గొంతులో మెప్పుకోసం చూడటం పోలేదు.

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. అంతసేపు మూత్రం లోపలే నిలవ ఉంటే చిక్కబడుతుంది, చీము పట్టడానికి, ఇవి పేరుకోవడానికి అదే సందు అంది. నీళ్ళు ఎక్కువ తాగాలి, కొన్ని గంటలకోసారి పొయ్యాలి, మందులు వాడాలి, తాను చెప్పిన తిండి తప్ప వేరేది పెట్టకూడదు. మళ్ళీ ఇలాగే ఆపుకుని అడ్డం పడితే కొయ్యక తప్పదు, కోసినా బతుకుతాడని చెప్పలేను అంది. తర్వాత మా ఆయన వైపు చూసి, ఇంత ఓపిక వీడికి ఎవరు నేర్పారు అని మామూలుగానే అడిగింది. ఆయన చిటికెన వేలు పిడికిట్లో మూసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఊరుకోలేదు. నా నోరు అలాంటిది.

"నీ పాళీ తీస్కవోయి కుక్కకు నేర్పినవ్. నువ్వు కాల్చుకున్నది సాలదని దాన్ని సుత కాలవెడుతున్నవ్. అది మూగజీవి, మంటని చెప్పనీకి నోరున్నదా దానికి?"

"అమ్మా, జర ఊకో," అంది అమ్మాయి.

ఆయన ఒళ్ళో బుడ్డోడు మత్తుగా పడి ఉన్నాడు. ఆటో చప్పుడుకు అదరకుండా వాడి చెవులను ఆయన రెండు అరచేతుల్లో మూసి పట్టుకున్నాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి ఆయన జవాబు చెప్పలేదనుకున్నాను. మొహం చూశాక నా నోరు దానంతటదే మూతపడింది. ఆయన ఏడుస్తున్నాడు.

మందులు వెయ్యడం, తిండిలో నీళ్ళు కలపడం నాకు కష్టం కాలేదు. కష్టమంతా కిందికి తీసుకుపోవడంతోనే. డాక్టరమ్మ చెప్పినట్టు కొన్ని గంటలకోసారి చేతిలో పని పక్కన పడేసి, గొలుసు పట్టుకుని, మెట్లు దిగేదాన్ని. బుడ్డోడు ప్రతి స్కూటర్ చక్రాన్నీ వాసన చూసేవాడు, గోడ దగ్గర నిలబడేవాడు, రోడ్డు వైపు చూసేవాడు. అంతే. నేను చిటికెన వేలు ఎత్తాను. పక్కనుంచి ఎత్తాను, వంగి ఎత్తాను, మా ఆయన చొక్కా వేసుకుని కూడా ఎత్తాను. కార్ఖానాలో పని చేయించే ముకద్దం ఊళ్ళో లేనప్పుడు కొత్తవాడు పెత్తనం చేస్తే కూలీలు ఎలా చూస్తారో వాడు నన్నలా చూశాడు.

అమ్మాయికి ఒక ఉపాయం తట్టింది. మధ్యాహ్నం మా ఆయనకు వీడియో ఫోన్ చేసి, ఫోన్ వాడి మొహం ముందు పెట్టింది. సాంచెల మధ్య నిలబడి ఆయన చిటికెన వేలు ఎత్తాడు. సంగతి తెలిసిన పక్కవాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. కరీంనగర్ వాళ్ళూ ఒడిశా వాళ్ళూ అందరూ కలిసి చిటికెన వేళ్ళు ఎత్తారు. బుడ్డోడు సాంచెల చప్పుడు విని తోక ఊపాడు. ఫోన్ వెనక్కి తిరిగి ఆయన కోసం వెతికాడు. లేకపోయేసరికి ఫోన్‌ను నాకి, కింద కూర్చున్నాడు. నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కానీ వాడి పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా ఉంది. నవ్వు ఆగిపోయింది.

ముకద్దంతో మాటలు పడి మా ఆయన కొన్నాళ్ళు నాగా పెట్టాడు. తాను నేర్పింది తానే మరిపిస్తానన్నాడు. సైగ చేసి పోయించడం తేలికే, కానీ ఆయన మళ్ళీ పనికి పోయాక కథ మొదటికొస్తుంది కదా. అందుకని కిందికి తీసుకుపోయి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. బుడ్డోడు ఎదురుగా నిలబడి ఆ చేతుల కోసం చూసేవాడు. వాడు ఆయన వెనక్కి పోయి చూసేవాడు. ఆయన తిరిగేవాడు. అలా ఇద్దరూ గోడ వారన గిరగిరా తిరుగుతుంటే సొసైటీ వాళ్ళంతా కిటికీల్లోంచి చూసేవాళ్ళు.

"నీ ఇష్టం బిడ్డా," అని వాడికి చెప్పేవాడు. "నీకెప్పుడొస్తే గప్పుడే పొయ్యి. నన్నడగకు. నేనెవర్ని?"

పెళ్ళయ్యాక ఆయన నోటి వెంట ఒకేసారి అన్ని మాటలు నేను వినలేదు. కానీ వాడు కదిలేవాడు కాదు. పొట్ట బిగిసిపోతుందని భయం వేసి, చివరికి ఆయనే ఓడిపోయి వేలు ఎత్తేవాడు. వాడు హాయిగా పోసి, మెప్పుకోసం పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళకు చుట్టుకునేవాడు. ఆయన వాడి తల నిమురుతూనే మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఆదివారం డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాం. అక్కడ కుక్కలు బోలెడు తిరుగుతాయి, అవి పోసిన చోట వీడూ పోస్తాడేమోనని ఆశ. సైగ చెయ్యకుండా ఉండాలంటే తాను కనపడకూడదని మా ఆయన టమాటా భజియాల బండి వెనక దాక్కున్నాడు. బుడ్డోడు సముద్రాన్ని చూడలేదు, కుక్కల్ని చూడలేదు. ఆ నల్ల ఇసుకలో ముక్కు ఆనించి, నన్నూ అమ్మాయినీ ఈడ్చుకుంటూ పోయి, నేరుగా బండి వెనక ఆయన్ను పట్టుకున్నాడు. భజియాలు వేస్తున్నతను మా ఆయన్ను అప్పులవాళ్ళ నుంచి దాక్కున్నాడనుకున్నాడో ఏమో, ఏమీ అడగకుండా ఒక పొట్లం చేతిలో పెట్టాడు. ఆ పొట్లం పట్టుకుని ఆయన ఇసుకలో కూలబడ్డాడు.

"గింతగనం చెప్పినమాట విన్నోడు ఎవడూ లేడే నాకు," అన్నాడు. "గాడే పోతడేమో."

పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఆ మనిషి మీద నాకు ఎంత కోపం ఉందో అంత జాలీ వేసింది. తాను మంచిదనుకున్నదే కదా బిడ్డకు నేర్పింది.

నాగాలు ఇంక కుదరవని ముకద్దం చెప్పేశాడు. ఆయన పనికి పోయాడు. పోయేముందు వేలు ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఎత్తనని అప్పటికే ఇద్దరం అనుకున్నాం. సాయంత్రం దాకా వాడు తనంతట తాను పొయ్యకపోతే నేరుగా అడాజన్ తీసుకుపోవడమే. నేను వాడి తిండిలో నీళ్ళు ఇంకాస్త ఎక్కువ పోశాను. కిందికి ఒకసారి తీసుకుపోయాను, ఇంకోసారి తీసుకుపోయాను. ఉత్త చేతులతో పైకొచ్చాం. వాడు తలుపు వైపు చూస్తూ పడుకున్నాడు. నేను గులాబీ రంగు చీర పరుచుకుని అంచుకు రాళ్ళు అంటిస్తూ కూర్చున్నాను గానీ, చేతులు పని మీద లేవు. వాడు లేచి తిరిగినప్పుడల్లా నేనూ లేచి నిలబడేదాన్ని.

టీ పెట్టుకుందామని వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి బుడ్డోడు మంచం కింద దూరి ఉన్నాడు. చీర అంచు, అప్పుడే అంటించిన రాళ్ళ వరసతో సహా, తడిసి ముద్దయి ఉంది. ఒక్క క్షణం నా పాత నోరు తెరుచుకుంది. వ్యాపారి చీర, ఇంత సేపు పడ్డ కష్టం, అన్నీ ముందుకొచ్చాయి. తిట్టు సగం దాకా వచ్చాక గానీ నేనేం చూస్తున్నానో నాకు తెలియలేదు. వంగి చూశాను. ఎరుపు లేదు. అక్కడక్కడా చుక్కలు కాదు, పెద్ద మడుగు. ఎవరూ పొయ్యమనకుండా పోశాడు వాడు.

మంచం కిందికి చెయ్యి చాచాను. కొడతాననుకుని వాడు గోడకు అతుక్కుపోయాడు. "రా నాయనా," అన్నాను. "ఇంకో చీర పరుస్త, గదాని మీద సుత పొయ్యి." వాడు పొట్ట నేలకు ఆనించి పాకుతూ వచ్చాడు. వాణ్ని ఎత్తుకుని ఆ తడి చీర పక్కనే కూర్చుని గట్టిగా ఏడ్చాను. సంతోషానికి అంత ఏడుపు వస్తుందని నాకు తెలియదు.

మా ఆయనకు ఫోన్ చేస్తే సాంచెల చప్పుడులో ఏమీ వినపడదు. వీడియో పెట్టాను. ఏమైందని చేత్తో అడిగాడు, మొహం పాలిపోయి ఉంది. నేను ఫోన్ చీర మీదికి తిప్పాను. అర్థం కాలేదు. బుడ్డోడిని చూపించి, మళ్ళీ తడి చూపించాను. నువ్వు చెప్పావా అని సైగ చేశాడు. లేదని తల ఊపాను. వాడే, తనంతట తానే అని చూపించాను. ఆయన ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ మడుగును చూస్తూనే ఉన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళలో దూది పడిందని తర్వాత బుకాయించాడు.

అప్పుడు పక్క సాంచెల దగ్గరున్న మనిషి భుజం తట్టి తన సాంచెలు చూపించి, ఫోన్ చొక్కా జేబులో వేసుకుని నడిచాడు. ఆపెయ్యడం మర్చిపోయాడు. ఫోన్‌లో నాకు చీకటి తప్ప ఏమీ కనపడలేదు. సాంచెల చప్పుడు మెల్లగా దూరమైంది. తలుపు కిర్రుమంది. కాసేపటికి నీళ్ళ చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళలో పాళీ మధ్యలో ఆయన పని వదిలి ఒంటికి పోవడం అదే మొదటిసారి. బుడ్డోడు చెవులు రిక్కించాడు. నేను సిగ్గు లేకుండా చివరిదాకా విన్నాను.